రెండు వందల ఎనిమిది వాట్ల నిశ్శబ్దం

లోవకుమారి చేసిన తప్పంతా కలిపి ఒక్క అంకె. రెండు వందల ఎనిమిది. ఆ అంకెను ఆమె గాలిలోంచి పుట్టించలేదు. మీటరు పెట్టి, ఒకటికి మూడుసార్లు చూసి, కాగితం మీద రాసి, కింద సంతకం కూడా చేసింది. మీటరు చెడిపోలేదు, ఆమె కళ్ళూ చెడిపోలేదు. అయినా అది తప్పే. ఎలా తప్పయిందో తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ అరికాళ్ళు చల్లబడతాయి.

కాకినాడ దాటి సముద్రం పక్కన సరుగుడు తోటల వెనక నాడీస్వర కేంద్రం ఉంది. అక్కడ లోవకుమారి ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. ఒంట్లో నరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయి, నాలుక కూడా కదపలేని ఇరవై నలుగురు ఆ కేంద్రం రెండో అంతస్తు వార్డులో ఉంటారు. అలాంటివాళ్ళ వార్డు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అనుకుంటూ మెట్లెక్కేవాళ్ళు పైకి వెళ్ళాక నోరు తెరిచేవారు. చేపల మార్కెట్టులో కూడా అంత గోల ఉండదు. ఒకావిడ కోడలిని తిడుతూ ఉంటుంది, ఒకాయన కాఫీలో పంచదార ఎక్కువైందని పోట్లాడతాడు, ఆ కాఫీ ఆయన నోట్లోకి కాక ముక్కు గొట్టంలోంచి వెళ్ళిందని ఎవరు చెప్పినా వినడు.

ఇదంతా డాక్టర్ కౌముది గారి పుణ్యం. ఆవిడ పదకొండేళ్ళు కష్టపడి తయారుచేసిన యంత్రానికి కాగితాల మీద పేరు స్వరఛత్రం. వార్డులో అందరూ గొడుగు అంటారు, చూడటానికి అలాగే ఉంటుంది కనుక. మంచం మీద పడుకున్న మనిషి తలపైన తెల్లటి చిన్న గొడుగొకటి వేలాడుతూ ఉంటుంది. మాట్లాడాలని మనిషికి అనిపించగానే మెదడులోంచి గొంతుకు బయలుదేరే ఆజ్ఞను అది మధ్యలోనే పట్టుకుని, ఆ మనిషి పాత గొంతుతోనే పలుకుతుంది. ప్రతి గొడుగుకీ ఒక్కటే నీలం తీగ. మాటా అందులోనే పోతుంది, కరెంటూ అందులోనే వస్తుంది. ఆ ఇరవై నాలుగు తీగలూ మొదటి అంతస్తులో ఒక చిన్న గదిలో ఉన్న నల్లటి పెట్టెలోకి చేరతాయి. దాన్ని నెట్‌వర్క్ స్విచ్ అంటారు.

ఆ స్విచ్‌కి యూపీఎస్ కొనాలని లోవకుమారి కాగితం పెడితే స్టోర్సు చలపతి గారు కళ్ళజోడు సవరించుకున్నాడు. "స్విచ్చికి బ్యాటరీ ఏంటమ్మా? నొక్కితే వెలుగుద్ది, నొక్కితే ఆరిపోద్ది. మా ఇంట్లో పద్నాలుగున్నాయి, ఒక్కదానికీ బ్యాటరీ లేదు."

"అది గోడ స్విచ్ కాదండి బాబూ," అని ఆమె ఓపిగ్గా చెప్పింది. "ఇది వంటమనిషి లాంటిది. ఇరవై నాలుగు మంది గొడుగులకీ ఇదే వడ్డించాలి. ఇది పస్తుంటే వాళ్ళందరూ పస్తే."

"అయితే వంటమనిషి ఎంత తింటదో కనుక్కుని కొనెయ్యి."

చలపతి గారి మాట అలా ఉంటే, యూపీఎస్ అమ్మే కంపెనీ కుర్రాడు ఇంకో మాట చెప్పాడు. "మేడమ్, స్విచ్ సొంతానికి నలభై వాట్లే తీసుకుంటదండి. వడ్డించేది లెక్కెయ్యాలి. స్విచ్ వెనకాల ప్లేటు మీద పద్నాలుగు వందల నలభై అని ఉంది. దానికి తగ్గది తీసుకోండి, ఇబ్బంది ఉండదు." లోవకుమారికి నవ్వొచ్చింది. యంత్రాల వెనక ప్లేటు మీద రాసే అంకె పెళ్ళిచూపుల్లో చెప్పే జీతం లాంటిదని ఆమె ఇరవై ఏళ్ళ అనుభవం. ఉన్నదెంతో చూడాలంటే మీటరు పెట్టాలి. పెట్టింది.

సరిగ్గా ఇక్కడే కొంప మునిగింది.

మీటరు పెట్టే రోజు ఉదయం పది గంటలకి హెడ్ నర్సు సువార్తమ్మ వార్డు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టింది. "అందరూ వినండి! కరెంటు టెస్టు జరుగుతుంది. లోవకుమారి గారు పనిలో ఉన్నారు. అరగంట ఎవ్వరూ నోరెత్తకండి. బుద్ధిగా ఉండాలి." అలా చెప్పమని లోవకుమారి అడగలేదు. అడగాల్సిన పని కూడా లేదు. తనిఖీ అన్నమాట వినపడగానే దుప్పటి సర్దుకుని, నోరు మూసుకుని, బుద్ధిమంతుల్లా కనపడటం మన ఆసుపత్రుల్లో అందరికీ పుట్టుకతో వచ్చిన విద్య. కలెక్టరు వచ్చినా అంతే, కరెంటు మనిషి వచ్చినా అంతే. నోరే లేనివాళ్ళు కూడా ఆ అరగంట నోరు మూసుకున్నారు. కింద గదిలో మీటరు ముందు కూర్చున్న లోవకుమారికి ఆ సంగతి తెలుసు. పై నుంచి వినపడే గోల ఆగిపోవడం విని, "ఎంత మంచివాళ్ళో, అంకె ఊగకుండా ఉంటుంది," అని సంతోషించింది.

అంకె ఊగలేదు. స్విచ్ సొంత ఖర్చు నలభై, ఒక్కో గొడుగుకి ఏడు చొప్పున నూట అరవై ఎనిమిది. మొత్తం రెండు వందల ఎనిమిది వాట్లు. నాలుగు గంటలు రావాలని నియమం ఉంటే అయిదు గంటలు వచ్చేంత బ్యాటరీలు, తొమ్మిది వందల వాట్ల దాకా మోసే యూపీఎస్ ఎంచింది. అవసరానికి నాలుగింతలు మోయగలదు కదా, ఇంకేం కావాలని ధీమా పడింది. డాక్టర్ కౌముది గారు కూడా మెచ్చుకున్నారు.

పైన ఉన్న ఇరవై నలుగురిలో ఇరవై మూడో మంచం మనిషి పేరు నూకరాజు. అతను లోవకుమారి మొగుడు.

రోగం రాకముందు నూకరాజు హార్బర్లో చేపల వేలం వేసేవాడు. తెల్లారేసరికి బోట్లు వచ్చి, చేపలు సిమెంటు గచ్చు మీద లాట్లు లాట్లుగా కుప్పలు పోస్తే, వాటి మధ్య లుంగీ ఎగ్గట్టి నిలబడి అతను అరిచే అరుపు ఐస్ ఫ్యాక్టరీ దాకా వినపడేది. "వంజరం లాటు, వంజరం లాటు! ఎవరి పాట, ఎవరి పాట? నాలుగేలు ఒకటోసారి... నాలుగేలు రెండోసారి..." ఆ రెండోసారికీ మూడోసారికీ మధ్య అతను ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేవాడు. ఆ క్షణంలో హార్బరంతా ఊపిరి బిగబట్టేది. కాకులు కూడా ఆగేవని అతని గొప్ప. మూడోసారి అన్నాక మాత్రం ఎంతటివాడూ నోరెత్తకూడదు.

పెళ్ళయిన కొత్తలో లోవకుమారి రోజూ పోట్లాడేది. "ఒళ్ళంతా నీచు వాసన, చేతిలో మాత్రం ఒక్క చేప ఉండదు. ఇదేం ఉద్యోగం మావా?"

"వేలం ఏసేవోడు పాట పాడకూడదే. అది హార్బరు కట్టుబాటు. నేనే పాడుకుంటే నా నోటికి ఇలువేముంటది? నీకు వంజరం చేప కావాలంటే నువ్వు రా, వచ్చి పాడు, నీకే కొట్టేత్తాను."

ఆమె నిజంగానే ఒకరోజు వెళ్ళి పాడింది. పెళ్ళాం అని ఒక్క రూపాయి తగ్గించలేదు సరికదా, పక్కవాడితో పోటీ పెట్టి రెండింతలు పాడించాడు. ఆ సంగతి ఇద్దరూ జీవితాంతం చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

ముప్పై తొమ్మిదో ఏట ముందు చెయ్యి జారింది, తర్వాత కాలు. ఏడాదిన్నరకి గొంతు పోయింది. పద్నాలుగు నెలలు అతను మంచం మీద కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంటే, లోపల మనిషి ఉన్నాడో లేడో తెలియక లోవకుమారి సగం చచ్చింది. ఆ రోజుల్లో అలాంటి రోగులు చాలామంది గొంతులో కఫం అడ్డం పడి, పక్కనే మనిషి ఉన్నా చెప్పలేక, చప్పుడు లేకుండా పోయేవాళ్ళు. పేపరు చదువుకుంటున్న కొడుకు తలెత్తేసరికి తండ్రి ఉండేవాడు కాదు. గొడుగు వచ్చాక ఆ చావులు ఆగిపోయాయి. గొంతు పట్టింది అంటే చాలు, నర్సు పరిగెత్తుకొచ్చి కఫం తీసేస్తుంది.

నూకరాజు గొడుగు కింద మొదటిసారి నోరు విప్పిన రోజు లోవకుమారి, డాక్టరు గారు, సువార్తమ్మ చుట్టూ నిలబడి ఉన్నారు. ఏదో గొప్ప మాట వస్తుందని అందరూ చెవులు రిక్కించారు. గొడుగు గరగరమంది. తర్వాత అచ్చంగా అతని గొంతే, "లోవా, ఆ ఫ్యాను కిర్రుమంటంది, పద్నాలుగు నెలల్నుంచీ చత్తన్నాను. కాస్త నూనె కొట్టించవే," అంది. లోవకుమారి నవ్వుతూ ఏడుస్తూ నేల మీద కూలబడిపోయింది.

తుఫాను అక్టోబరు నెలలో, పట్టపగలు వచ్చింది. ముందురోజే హెచ్చరించారు కనుక లోవకుమారి రాత్రి ఇంటికి వెళ్ళకుండా కేంద్రంలోనే ఉండిపోయింది. ఉదయం డ్యూటీకి రావాల్సిన నర్సులు రోడ్లు తెగిపోయి రాలేకపోయారు. సువార్తమ్మ, ఇంకో నర్సు, డాక్టర్ కౌముది, లోవకుమారి, అంతే. పదకొండు దాటాక ఊళ్ళో కరెంటు పోయింది. జనరేటరు వెంటనే అందుకుంది. ఇరవై నిమిషాలు చక్కగా తిరిగి, సముద్రం నీళ్ళు గోడ దాటి జనరేటరు గదిలోకి వచ్చేసరికి దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది.

లోవకుమారి కంగారు పడలేదు. కలెక్టరాఫీసుకి ఫోన్ చేస్తే లారీ మీద వేరే జనరేటరు పంపుతాం, చెట్లు తొలగించుకుంటూ రావాలి, మూడు గంటలు పడుతుందని చెప్పారు. యూపీఎస్ అయిదు గంటలు వస్తుంది. బోలెడంత టైముంది. ఆ ధీమాతోనే మొదటి అంతస్తు గది తలుపు తీసి, యూపీఎస్ ముందు టార్చి వేసింది.

మిగిలిన సమయం ముప్పై ఎనిమిది నిమిషాలు.

ఆమె యూపీఎస్ అద్దం తుడిచి మళ్ళీ చూసింది. ముప్పై ఎనిమిదే. దాని కింద లోడ్ ఎనిమిది వందల తొంభై ఆరు వాట్లు. ఆ అంకె ఆమెకి అర్థం కాలేదు. తెలియని మనిషి ఇంట్లోకి వచ్చి తన మంచం మీద పడుకున్నట్టుగా ఉంది. ఎవరైనా హీటరు తగిలించారా? ఈ పెట్టెకి హీటరు ఎలా తగులుతుంది? ఇంతలో పై నుంచి గోల వినపడింది. కరెంటు పోయి, కిటికీలు బాదుకుంటూ, పగలే చీకటైపోతే, కదలలేని మనుషులు ఏం చేస్తారు? మాట్లాడతారు. దేవుణ్ణి పిలుస్తారు, పిల్లల్ని పిలుస్తారు, ఏమైందో చెప్పండని అరుస్తారు.

అప్పుడు తెలిసింది ఆమెకి. మాట్లాడని గొడుగు ఏడు వాట్లు తింటుంది. మాట్లాడే గొడుగు యాభై తింటుంది. తను కొలిచిన రోజు ఇరవై నలుగురూ బుద్ధిగా నోరు మూసుకున్నారు. తను కొలిచింది వార్డుని కాదు, వార్డు మర్యాదని. కరెంటు ఉన్నప్పుడు మనుషులు ఎలా ఉంటారో చూసి, కరెంటు పోయినప్పటికి బ్యాటరీ కొంది. ఆ కుర్రాడు చెప్పాడు, ప్లేటు చెప్పింది. తను నవ్వింది.

లోడ్ తొమ్మిది వందల ఇరవై దాటింది. యూపీఎస్ కీచుమని అరిచింది. బరువెక్కువైందని, ఇంకాసేపు ఇలాగే ఉంటే మొత్తం ఆపేసుకుంటానని దాని అర్థం. అది ఆగితే పైన అందరి నోళ్ళూ ఒక్కసారే పోతాయి. వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పులు గోడ కరెంటువి, అవి ఇప్పటికే ఆగిపోయాయి. ఇద్దరు నర్సులు, ఇరవై నాలుగు గొంతులు. ఎవరికి ఎప్పుడు అడ్డం పడుతుందో ఎవరు చెబుతారు? ఒక తీగ పీకితే బరువు తగ్గుతుంది. ఎవరిది పీకాలి? ఆమె చెయ్యి తనకి తెలియకుండానే ఇరవై మూడో తీగ మీదికి వెళ్ళింది. ఇంకొకళ్ళ మనిషిది పీకే హక్కు తనకి ఎక్కడిది? పీకలేక ఆ తీగని వదిలేసి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పరిగెత్తింది.

"మాట్లాడకండి! దణ్ణం పెడతాను, ఎవ్వరూ మాట్లాడకండి! బ్యాటరీ అయిపోతుంది!"

అంటే గోల ఇంకా పెరిగింది. అయిపోతుందా, ఎంతసేపట్లో, మా సంగతేంటి అని తలొక దిక్కున అరుపులు. డాక్టర్ కౌముది ఆమె భుజం పట్టుకుంది. "లోవా, అలా అనకు. గొడుగు వినేది మాటని కాదు, మాట్లాడాలన్న తపనని. భయం వేసినవాణ్ణి నోరు మూసుకోమంటే పెదాలు మూస్తాడు, లోపల అరుస్తూనే ఉంటాడు. వీళ్ళకి మూయడానికి పెదాలు కూడా లేవు."

"మరేం చెయ్యాలండీ?"

పదకొండేళ్ళు మనుషుల చేత మాట్లాడించడం ఎలాగా అని ఆలోచించిందే తప్ప, మాట్లాడకుండా ఉంచడం ఎలాగో ఆవిడ ఎప్పుడూ ఆలోచించలేదు.

అప్పుడు ఇరవై మూడో మంచం మీది గొడుగు గర్జించింది.

"రావాలి రావాలి! లాటు దిగింది, లాటు దిగింది! హార్బర్లో గోలేంటిది? పాటగాళ్ళు నోరుమూసుకుని ఇనాలి!"

వార్డంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. ఆ గొంతు సముద్రం హోరు మీద నిలబడి అరవడానికి అలవాటు పడ్డది. దాని ముందు తుఫాను చిన్నబోయింది.

"ఏం పాటండీ నూకరాజు గారూ ఇప్పుడు?" అని పదకొండో మంచం మీది లెక్కల మాస్టారు భీమశంకరం గారు అడిగారు.

"గొంతు పాటండి మాస్టారూ. రూల్సు చెబుతాను, ఇనండి. ఎవరికి గొంతు పట్టిందో ఆళ్ళు మంచం నంబరు పాడండి. అంతకన్నా కట్టంగా ఉన్నోళ్ళుంటే మీద పాడండి. మూడోసారి కొట్టేసినోళ్ళ కాడికి సువార్తమ్మగారు వత్తారు. మిగతా అందరూ చెవులు మాత్రమే. వేలం జరిగేటప్పుడు కబుర్లాడితే లాటు పోద్ది. ఎవరి పాట, ఎవరి పాట?"

సన్నగా, "తొమ్మిది," అంది ఒక ముసలావిడ గొంతు.

"తొమ్మిది పాడిందమ్మా తొమ్మిది! తొమ్మిది ఒకటోసారి... తొమ్మిది రెండోసారి..." అని ఊపిరి బిగబట్టాడు. ఇరవై మూడు గొడుగుల కింద ఇరవై మూడు మనసులు ఆ ఊపిరితో పాటు ఆగాయి. "మూడోసారి! కొట్టేశా! పదండి సువార్తమ్మగారూ!"

సువార్తమ్మ కఫం లాగే, కాలితో తొక్కే సక్షన్ పంపు పట్టుకుని తొమ్మిది దగ్గరికి పరిగెత్తింది. లోవకుమారి మొగుడి వైపు చూసింది. కదలని కళ్ళు పైకప్పునే చూస్తున్నాయి.

"నువ్వు కిందికెళ్ళవే," అన్నాడు గొంతు తగ్గించి. "అంకె చూసుకో. ఇక్కడ నేనున్నాగా."

ఆమె కిందికి పరిగెత్తింది. యూపీఎస్ కీచులాట ఆగిపోయింది. లోడ్ రెండు వందల యాభై ఒకటి. ఒక్కడే మాట్లాడుతున్నాడు. మనిషి మాట్లాడకుండా ఉండలేడు కానీ, వినేటప్పుడు తపన పడడు. తపన పడకపోతే గొడుగు తినదు. పదకొండేళ్ళ పరిశోధనలో ఎవరికీ తట్టని సంగతి చేపల వేలగాడికి తట్టింది. లోవకుమారి గోడకి ఆనుకుని కూర్చుని కళ్ళు తుడుచుకుంది. మిగిలిన సమయం మూడు గంటల ఇరవై నిమిషాలు.

ఆ తర్వాత రెండున్నర గంటలు ఆమె ఆ గది వదిలి కదల్లేదు. బరువు మళ్ళీ పెరిగితే ఏదో ఒక తీగ పీకడానికి మనిషి ఉండాలి. గాలి హోరులో పైన మాటలు వినపడవు. అంకె ఒక్కటే వినపడేది ఆమెకి. రెండు వందల యాభై ఒకటి అంటే మావ అరుస్తున్నాడు. రెండు వందల తొంభై నాలుగు అంటే ఎవరో పాడుతున్నారు. మళ్ళీ యాభై ఒకటి. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. అంకెలో మొగుడి గొంతు వింటూ, ఈ తుఫాను తగ్గాక హార్బరుకి వెళ్ళి వంజరం కొని, పులుసు పెట్టి, కనీసం వాసన అయినా చూపించాలని అనుకుంది.

మూడు కావడానికి పది నిమిషాల ముందు అంకె దిగింది.

రెండు వందల ఎనిమిది.

తన అంకె. తను కొలిచిన అంకె, సంతకం పెట్టిన అంకె. ఇంతసేపూ తనని దోషిని చేసి నిలబెట్టిన అంకె మళ్ళీ కళ్ళ ముందు నిశ్చలంగా నిలబడింది. మిగిలిన సమయం ఒక్కసారిగా పెరిగింది. లోవకుమారి చేతులు జోడించి, "అమ్మయ్య," అంది పైకే. అందరూ కుదురుకున్నారు, మావ కూడా కాస్త విశ్రాంతి తీసుకుంటున్నాడు అనుకుంది. అలా పదకొండు నిమిషాలు ఆ అంకెను చూస్తూ, పాపం, మనశ్శాంతిగా కూర్చుంది.

లారీ హారను వినపడింది. వచ్చినవాళ్ళు తీగలు కలిపారు, జనరేటరు అందుకుంది, దీపాలు వెలిగాయి. ఆమె మెట్లెక్కి వార్డులోకి వెళ్ళింది. డాక్టరు గారూ, ఇద్దరు నర్సులూ వార్డు అటు చివర రెండో నంబరు మంచం చుట్టూ గుమిగూడి ఉన్నారు. హసీనా అని పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఊపిరాగి చచ్చి బతికింది. అప్పుడే గుక్క తిప్పుకుంటోంది. మిగతా వార్డంతా నిశ్శబ్దం. మీటరు పెట్టిన రోజున్న నిశ్శబ్దమే.

"కరెంటొచ్చేసిందండీ," అంది లోవకుమారి నవ్వుతూ. "ఇంక మాట్లాడుకోండి మీ ఇష్టం!"

ఎవరూ మాట్లాడలేదు.

"ఉష్," అన్నారు భీమశంకరం మాస్టారు, గరగరలాడుతున్న గొంతుతో. "పాట నాది. పదకొండు రెండోసారి అన్నాడు. మూడోసారి కోసం ఆగాం."

లోవకుమారి కాళ్ళు ఇరవై మూడో మంచం దాకా ఎలా వెళ్ళాయో ఆమెకి తెలియదు. నూకరాజు కళ్ళు పైకప్పుని చూస్తున్నాయి. పెదాల అంచున నురగ ఆరిపోయింది. ఆమె చెయ్యి తగలగానే తల ఒక పక్కకి వాలిపోయింది.

"మావా?" అంది. గొడుగు పలకలేదు. ఏడు వాట్లు తింటూ ఊరికే వేలాడుతోంది. దానికి బతికున్నవాడి మౌనమూ చచ్చిపోయినవాడి మౌనమూ ఒకటే.

సువార్తమ్మ పరిగెత్తుకొచ్చి పంపు పెట్టింది, గుండె మీద గుద్దింది, ప్రభువా ప్రభువా అంటూ చాలాసేపు గుద్దింది. తర్వాత చేతులు వదిలేసి నేల మీద కూర్చుంది. "నేను అడిగానమ్మా," అంది ఏడుస్తూ. "రెండుసార్లు అడిగాను. నూకరాజు గారూ, మీకు కఫం తియ్యనా అని. 'వేలం ఏసేవోడు పాట పాడకూడదండి, తర్వాత లాటు చూడండి' అన్నాడు. నవ్వులాటకి అన్నాడనుకున్నానమ్మా."

ఇరవై నాలుగు నంబర్లలో ఇరవై మూడు ఆ మధ్యాహ్నం ఒకటికి రెండుసార్లు పాటకొచ్చాయి. ఇరవై మూడో నంబరు మాత్రం ఒక్కసారి కూడా ఎవరూ పాడలేదు. అతని మాట ఆగిపోయిన నిమిషమేదో యూపీఎస్‌లో నమోదై ఉంది. రెండు గంటల యాభై నిమిషాలు. ఆ నిమిషానికి లోవకుమారి అమ్మయ్య అనుకుంది. ఆ ఒక్క మాటని ఆమె తనకి తాను ఎన్నటికీ క్షమించుకోలేదు.

నెల గడిచాక కొత్త యూపీఎస్ కోసం మళ్ళీ కొలవాల్సి వచ్చింది. వేరే ఇంజినీరుని పిలుద్దామని డాక్టర్ కౌముది అంటే లోవకుమారి ఒప్పుకోలేదు. చలపతి గారు ఈసారి కళ్ళజోడు సవరించుకోలేదు. ఎంత పెద్దదైనా రాసివ్వమ్మా అని మాత్రం అన్నాడు.

ఉదయం పది గంటలకి సువార్తమ్మ అలవాటు కొద్దీ వార్డు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టింది. "అందరూ వినండి! కరెంటు టెస్టు జరుగుతుంది, ఎవ్వరూ..." అని నాలుక కరుచుకుని ఆగిపోయింది.

లోవకుమారి మీటరును వార్డులోకే తెచ్చుకుంది. పొడుగాటి తీగ లాక్కొచ్చి, ఇరవై మూడో మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. మంచం ఖాళీ. గొడుగు మాత్రం తియ్యనివ్వలేదు.

"ఎవరూ బుద్ధిగా ఉండొద్దండి," అంది. "అందరూ ఒకేసారి అరవండి. భయం వేసినప్పుడు ఎలా అరుస్తారో అలా."

"ఏమని అరవమంటావమ్మా?" అంది తొమ్మిదో మంచం ముసలావిడ.

మీటరు మీద రెండు వందల ఎనిమిది. ఆ అంకెను చూడలేక లోవకుమారి మొహం తిప్పుకుంది.

"నేను చెబుతాను," అన్నారు భీమశంకరం మాస్టారు. "పిల్లలూ, ఆ రోజు పాట మధ్యలో ఆగిపోయింది. కొట్టేద్దాం. ఇరవై మూడు ఒకటోసారి..."

వార్డు ఊపిరి బిగబట్టింది.

"ఇరవై మూడు రెండోసారి..."

"మూడోసారి!"

ఇరవై మూడు గొంతులు. కిటికీ అద్దాలు అదిరాయి. సువార్తమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. మూడోసారి, మూడోసారి అని వాళ్ళు అరుస్తూనే ఉన్నారు, ఆపమని ఎవరూ చెప్పలేదు. మీటరు ఎక్కి ఎక్కి పదకొండు వందల తొంభై ఏడు దగ్గర నిలబడింది. ఇరవై మూడు గొడుగులకి యాభై చొప్పున, స్విచ్‌కి నలభై, ఖాళీ గొడుగుకి ఏడు.

లోవకుమారి కాగితం తీసి ఆ అంకె రాసింది. తలెత్తి ఖాళీ మంచం మీది గొడుగుని చూసింది. అప్పుడు ఆ అంకె కొట్టేసి, దానికి కూడా యాభై లెక్కకట్టి, పన్నెండు వందల నలభై అని రాసి సంతకం పెట్టింది.